దాలమ్మ చక్రం వెల

చలికాలం పొద్దున కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టి, కరిగిందో లేదో చూద్దామని మూత తీస్తే వచ్చే వాసన అందరికీ తలంటునీ జడలనీ గుర్తుకు తెస్తుంది. నాకు మాత్రం సైకిలు పుల్లలు గుర్తుకొస్తాయి. మొన్న మా అమ్మాయి జడ వేయించుకోడానికి నా ముందు కూర్చుని, నూనె చేతిలో పోసుకుని అలా ఉండిపోయావేమని అడిగింది. చెబితే నవ్వుతుందని చెప్పలేదు. మా అత్త దాలమ్మ చక్రం కట్టేటప్పుడు ప్రతి పుల్ల కొననూ కొబ్బరి చిప్పలోని నూనెలో ముంచి, బొటనవేలితో తుడిచి, అప్పుడు రిమ్ములోకి ఎక్కించేది. ఉద్దానం మీదుగా వచ్చే ఉప్పుగాలికి ఇనుము బతకాలంటే అదే మందు అనేది. ఆ నూనె, ఇనుము, చుట్టపొగ మూడూ కలిసిన వాసన ఆవిడ చేతులకు పట్టేసి ఉండేది. ఎంత సబ్బు రుద్దినా వదిలేది కాదు. ఆ చేతుల గురించి రాద్దామని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆవిడను చూడనివాళ్లకు ఆవిడ ఎలాంటి మనిషో చెప్పడం నాకు చేతనవుతుందో లేదో తెలియదు.

పలాస స్టేషను నుంచి కాశీబుగ్గ వైపు వచ్చే దారిలో, జీడిపప్పు బట్టీల పొగ ఎప్పుడూ కమ్ముకుని ఉండే ఒక సందు మొదట్లో మా సైకిలు షాపు. ముందు షాపు, వెనక ఒక గది, పక్కన రేకుల పాక. నేను ఇచ్ఛాపురం దగ్గర పల్లె నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. మా వైపు మాటల్లో సగం ఒడియా దొర్లుతుంది. నేను మాట్లాడినప్పుడల్లా వీధివాళ్లు నవ్వేవాళ్లు, అందుకని మొదట్లో నోరు విప్పేదాన్ని కాదు. మా ఆయన లారీ డ్రైవరు. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. కాబట్టి ఆ ఇంట్లో ఉండేది మేమిద్దరమే, అత్తా నేనూ. అత్త పొడుగ్గా, నల్లగా, ఎముకలన్నీ కనబడేలా ఉండేది. మా ప్రాంతపు పాతకాలం ఆడవాళ్లలాగే అడ్డపొగ తాగేది. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి, ఆ నోటితోనే మాట్లాడేది కూడా. పెళ్లయిన మర్నాడు పొద్దున నన్ను పిలిచి వంట వచ్చా అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"ఏళ్లు సూపీ," అంది.

రెండు చేతులూ చాపాను. ఒక్కొక్క వేలూ పట్టుకుని వెనక్కి వంచి చూసింది. సంతలో పశువులా నిలబడి ఉన్నానని నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం తృప్తిగా తలాడించి, గట్టి ఏళ్లే, పనికొస్తావు అని ఒక స్పోకు కీ నా చేతిలో పెట్టింది. పుల్లల చివర ఉండే చిన్న మరలను తిప్పే ఇనుప ముక్క అది. ఇవాళ్టికీ నా దగ్గర అదే ఉంది.

రెడీమేడ్ చక్రాలు పక్క వీధిలోని పెద్ద షాపులో దొరికేవి. మిషను మీద బిగించి వస్తాయి, చవక. అయినా మా దగ్గరికి వచ్చేవాళ్లు ఉండేవారు. మంచినీళ్ల పల్లె నుంచి చేపల బుట్టలు కట్టుకుని వచ్చేవాళ్లు, జీడిపిక్కల బస్తాలు మోసేవాళ్లు, కొబ్బరికాయలు కారియరుకు వేలాడదీసుకుని తిరిగేవాళ్లు. బరువు మోసే సైకిలు వెనక చక్రం ఇసుక దారిలో ఎన్నాళ్లు నిలుస్తుందో వాళ్లకు తెలుసు. అత్త ఒక చక్రానికి ఇంత అని ఒక్కసారి చెప్పేది. ఎవరైనా తగ్గించమంటే కోప్పడేది కాదు, బతిమాలేది కాదు. మొహం తిప్పుకుని చేతిలో పనిలో పడిపోయేది. వాళ్లు కాసేపు నిలబడి, గొణుక్కుని, చివరికి సరే అనేవాళ్లు. లేదా వెళ్లిపోయేవాళ్లు. వెళ్లినవాళ్ల వైపు ఆవిడ తలెత్తి చూడటం నేనెప్పుడూ చూడలేదు.

తగ్గించని మనిషి పిసినారి అని ఊరంతా అనుకునేది, నేనూ అనుకున్నాను. ఒకసారి టెక్కలి వైపు నుంచి ఒక పెద్దమనిషి కారులో వచ్చాడు. భూములూ పలుకుబడీ ఉన్న కుటుంబం. చనిపోయిన తండ్రి తొక్కిన సైకిలును బాగు చేయించి ఇంట్లో పెట్టుకోవాలని అతని కోరిక. రెండు చక్రాలూ కట్టాలి. మర్నాడు తండ్రి సంవత్సరీకం కాబట్టి సాయంత్రానికల్లా కావాలని, అడిగిన దానికి రెట్టింపు ఇస్తానని అన్నాడు. మంచివాడే, మర్యాదగానే అడిగాడు. నేను లోపల సంతోషపడిపోయాను. అత్త చుట్ట తీసి పక్కన పెట్టి, తొందరకి నా కాడ రేటు నేదు బాబూ, ఎల్లుండి పొద్దున తీసుకెల్లు, రెట్టింపు ఒద్దు అంది. అతను కాసేపు ఆలోచించి, సైకిలు అక్కడే వదిలి వెళ్లాడు. సంవత్సరీకం అయ్యాక తనే స్వయంగా వచ్చి, చెప్పిన డబ్బే ఇచ్చి, ఆ సైకిలును కారు మీద కట్టించుకోకుండా సందు చివరిదాకా తొక్కుకుంటూ వెళ్లాడు. కళ్లు తుడుచుకోవడం నాకు కనిపించింది. ఎక్కువిస్తానన్నా తీసుకోని మనిషి తక్కువకు ఎందుకు ఒప్పుకోదో నాకు అప్పుడు అర్థం కాలేదు. పిసినారితనం కాదని మాత్రం తెలిసింది.

ఆవిడకు ఆ పని నేర్పింది మా మావ. నేను ఆయన్ని చూడలేదు. షాపు ఆయనదే. ఉద్దానంలో పుట్టిన చాలామందికి వచ్చినట్టే ఆయనకూ నడివయసులో కిడ్నీలు పోయాయి. చేతుల్లో బలం తగ్గింది, కాళ్లు పొంగాయి, పుల్ల పట్టుకుంటే జారిపోయేది. అప్పటిదాకా అత్త షాపులో అడుగు పెట్టి ఎరగదు. ఆయన మంచం మీద ఒరిగి కూర్చుని చెబుతుంటే ఆవిడ కింద కూర్చుని చేసేది. ఆయన పొగిడేవాడు కాదు, తిట్టేవాడు కాదు. చక్రం పూర్తి చేసి చూపిస్తే ఒడిలో పెట్టుకుని తిప్పి, "ఇప్పు" అనేవాడట. అంతే. పొద్దుటి నుంచీ చేసిందంతా విప్పేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఎన్నిసార్లు విప్పించాడని నేను అడిగితే అత్త నవ్వి, లెక్కెట్టుకునుంటే ఏడుపొచ్చీసును అంది. ఇంట్లో బియ్యం లేని రోజుల్లో కూడా విప్పించాడట. విప్పకుండా అమ్మేస్తే ఆ పూట గడిచిపోయేది కదా అని నాకనిపించింది. ఆ మాట ఆవిడతో అనలేదు.

తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా ఆయన లారీతో రాయపూర్‌లో ఉన్నాడు. తెల్లవారుజామున మొదలైన ఆ గాలి గురించి మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకు చెప్పినా అర్థం కాదు. గదిలో మంచం కింద అత్తా నేనూ ఒకరినొకరు పట్టుకుని పడుకున్నాం. గాలి తగ్గాక బయటికి వస్తే పాక లేదు. రేకులు ఎక్కడికి పోయాయో తెలియలేదు. పక్కింటి కొబ్బరిచెట్టు, మరమ్మతుకు వచ్చిన సైకిళ్ల మీద అడ్డంగా పడి ఉంది. రిమ్ములన్నీ అప్పడాల్లా నలిగిపోయాయి. షాపు గోడలూ గదీ మాత్రం నిలిచాయి. కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు. పూండి వైపు, సముద్రం వైపు ఊళ్ల సంగతి చెప్పడానికి అటునుంచి మనిషే రావడం లేదు. కొబ్బరిచెట్లూ జీడిచెట్లూ దారులన్నీ కప్పేశాయని, బండి అన్నది కదలదని చెప్పుకున్నారు.

అలా మూడు నాలుగు రోజులు గడిచాక, ఒక పొద్దున దండాసి వచ్చాడు. అప్పటికి అతనెవరో మాకు తెలియదు. నలభై దాటిన మనిషి, ఒళ్లంతా గీరుకుపోయి ఉంది, భుజం మీద ఒక వెనక చక్రం మోసుకొస్తున్నాడు. దాన్ని చక్రం అనడానికి కూడా లేదు, ఎనిమిది అంకెలా మెలితిరిగిపోయింది. పూండి దాటి సముద్రం వైపు వెళ్లే ఊరు వాళ్లది. భార్య జానకికి వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించాలి. తుఫాను వల్ల ఒకసారి తప్పిపోయింది, ఆవిడకు ఊపిరాడటం లేదు. సైకిలు వెనక కూర్చోబెట్టుకుని, పడిన ప్రతి చెట్టు దగ్గరా ఆవిడను దింపి, సైకిలును ఎత్తి అవతల పెట్టి, మళ్లీ ఎక్కించుకుని, అలా బయల్దేరాడు. పలాస పొలిమేరలో ఒక మాను మీంచి దించేటప్పుడు చక్రం ముడుచుకుపోయింది. అక్కణ్నుంచి ఆవిడను దాదాపు మోసుకుంటూ, జనరేటరు మీద నడుస్తున్న ఆసుపత్రికి చేర్చాడు. ఊరంతా తిరిగాడు. తెరిచి ఉన్న షాపు మాదొక్కటే. అత్తను అక్క వరసతో పిలిచి అడిగాడు.

"అప్పా, నా ఇంటిది మిషను మీదుంది. సాయంకాలానికి దాన్ని ఊరు సేర్సాల. ఇల్లు పడిపోనాది, పిల్లలు మాయమ్మ కాడున్నారు. ఏదో ఒకటి సేసీ."

అత్త ఆ చక్రాన్ని తీసుకుని తిప్పి తిప్పి చూసింది. మధ్యలో ఉండే హబ్బు ఒక్కటే బాగుంది.

"ఏదో ఒకటి నాను సెయ్యను. సక్రం సేత్తాను. రేపు మద్దేన్నానికి అవుద్ది," అంది. ఆ తరవాత ఎప్పుడూ చెప్పే వెల చెప్పింది.

అతను ఆవిడ మొహంలోకి చూశాడు. ఇలాంటి రోజుల్లో కూడానా అని అడిగినట్టు నా వైపు చూశాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆవిడ అప్పటికే కొబ్బరిచెట్టు కింది సైకిళ్ల వైపు వెళ్లిపోయింది.

ఆ రోజు ఆవిడ పని చేసిన తీరు నాకు కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. నలిగిన రిమ్ముల్లోంచి ఒకదాన్ని ఎంచుకోడానికే చాలాసేపు పట్టింది. దాన్ని గుమ్మం రాయి మీద పెట్టి, మోకాలితో అదిమి, చెక్క సుత్తితో అంగుళం అంగుళం చొప్పున గుండ్రానికి తెచ్చింది. పాడైన చక్రాల నుంచి పుల్లలు ఊడదీసి ఒక్కొక్కటీ వంచి చూసి, పనికిరానివి వీధిలోకి విసిరేసింది. మంచివాటిని నూనె చిప్పలో ముంచి నాకందించమంది. నేను అందిస్తుంటే అవి రిమ్ములోకి ఒకదాని మీంచి ఒకటి, ఒకదాని కిందినుంచి ఒకటి వెళుతున్నాయి. ఆవిడ చూపు చేతుల మీద లేదు, వీధి మీద ఉంది. చుట్టూ కూలిన ఇళ్లు, వేళ్లతో సహా లేచిన చెట్లు, పిచ్చెత్తినట్టు తిరిగే మనుషులు. వాటి నడుమ ఆవిడ ఒళ్లో చువ్వచువ్వకూ ఒక ఆకారం వస్తోంది. ఊళ్లో సక్రమంగా ఉన్నది ఏదైనా ఉంటే అదొక్కటే అనిపించింది. నాకు ఒళ్లు జలదరించింది. దేవుడి గుళ్లో కూడా నాకు ఎప్పుడూ అలా కాలేదు.

మధ్యాహ్నం దాటాక జానకి ఆసుపత్రి నుంచి నడుచుకుంటూ వచ్చింది. సన్నటి మనిషి, చేతికి కట్టు, మొహం తెల్లగా పాలిపోయి ఉంది. అత్త ఆవిడను గుమ్మంలో నీడన కూర్చోమంది, నన్ను ఉప్పు వెయ్యకుండా గంజి కాచమంది. మావకు కాచి కాచి ఆ సంగతులన్నీ ఆవిడకు తెలుసు. జానకి గంజి చుక్క చుక్కగా తాగుతూ చక్రం వైపే చూస్తూ కూర్చుంది. దండాసి మాత్రం కూర్చోలేకపోయాడు. ఎండ వాలేకొద్దీ సందులో పచార్లు చేస్తూ, ఇంకెంతసేపు అని అడుగుతూనే ఉన్నాడు.

పొద్దు గుంకడానికి ఇంకా సమయం ఉండగానే చక్రం నిలబడింది. షాపులో బోర్లించి ఉంచిన పాత సైకిలు ఫోర్కులో పెట్టి తిప్పితే, పక్కన పట్టుకున్న సుద్దముక్కకు ఎక్కడా తగలకుండా తిరిగింది. దండాసి పరుగున వచ్చాడు, రేపు అన్నావు గానీ ఇవాళే అయిపోయింది కదప్పా అని. అత్త వినిపించుకోలేదు. బొటనవేలి గోరును ఒక్కొక్క పుల్ల రంధ్రం చుట్టూ మెల్లగా రాస్తూ పోతోంది. ఒకచోట గోరు ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ రాసింది. మళ్లీ అక్కడే ఆగింది. నన్ను పిలిచి నా వేలు పట్టుకుని అక్కడ పెట్టింది. రిమ్ములో వెంట్రుకంత పగులు. పుల్లలు బిగించాక లాగుడికి బయటపడింది.

ఆవిడ స్పోకు కీ తీసుకుని మొదటి మర వదులు చేసింది.

అతనికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తరవాత వచ్చి చక్రాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. అదే ఇచ్చెయ్యి, ఎలాగో తొక్కుకుపోతాను, నా పిల్లలు ఏమైపోయారో అన్నాడు. నాకు కూడా ఇచ్చేస్తే బాగుండుననే ఉంది. అత్త చక్రం వదల్లేదు, లాక్కోలేదు. "పట్టుకెల్లు. సగం దారిలో ఇది ఇరిగితే కింద పడేది నువ్వు కాదు," అంది.

అప్పటిదాకా మాట్లాడని జానకి గుమ్మంలోంచి అంది. "ఒదిలీ. నాను మిషను మీద పడుకుంటన్నానంటే, దాన్ని సూసినోళ్లు సరిగ్గా సూసినారనే కదా పడుకుంటన్నాను. ఈవిడ సూసింది. ఇప్పనీ."

అతను వదిలేసి వీధిలోకి వెళ్లి తల పట్టుకుని కూర్చున్నాడు. అత్త ఒక్కొక్క పుల్లనూ తీసి, తుడిచి, వరసగా గోనె మీద పేర్చింది. విప్పడంలో కూడా తొందర లేదు. ఆ రాత్రి వాళ్లిద్దరూ మా ఇంట్లోనే పడుకున్నారు.

తెల్లారాక అత్త మిగిలిన రిమ్ములన్నీ వెతికింది. ఒక్కటీ పనికి రాలేదు. కాసేపు చుట్ట వెలిగించకుండా నోట్లో పెట్టుకుని నిలబడింది. తరవాత గదిలోకి వెళ్లి, గోడకున్న మేకు నుంచి మావ చక్రాన్ని దించింది.

అది మావ చక్రం అని మేం అనేవాళ్లం గానీ కట్టింది అత్తే. ఆయన చెబుతుండగా ఆవిడ కట్టిన ఆఖరి చక్రం. పూర్తి చేసి ఆయన ఒడిలో పెడితే, చాలాసేపు తిప్పి, ఏమీ అనకుండా ఆవిడకు తిరిగి ఇచ్చాడట. ఆవిడ ఇంకా ఆ మాట కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంటే, కళ్లు మూసుకుని పడుకున్నాడట. ఆ తరవాత కొన్నాళ్లకే పోయాడు. ఎంతమంది అడిగినా అమ్మలేదు. ఆ గదిలో దేవుడి పటం పక్కన ఉండేది అది. నేను కోడలిగా వచ్చిన నాటి నుంచీ పండగ రోజుల్లో దాని దుమ్ము తుడవడం నా పని.

నేను ఆవిడకు అడ్డం వెళ్లాను. ఏమన్నానో సరిగ్గా గుర్తు లేదు, అత్తా అది వద్దు అని ఉంటాను. ఆవిడ నన్ను పక్కకు జరిపింది. "గోడకున్నంతసేపూ ఇది సక్రమేటే? తప్పుకో," అంది. అన్ని ఏళ్లు గోడకు వేలాడి పుల్లలకు తుప్పు పట్టింది, వాటిని నమ్మడానికి లేదు. రిమ్ము మాత్రం పాతకాలం గట్టి ఇనుము. గుమ్మంలో కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకుంది. మావ విప్పమనని చక్రం అదొక్కటే. దాన్ని ఆవిడ తనే విప్పింది. ఒక్క పుల్ల తుప్పుకు రాకపోతే నూనె చుక్క వేసి, అది దిగేదాకా ఓపిగ్గా ఆగింది. అప్పుడు మాత్రం ఒకసారి ఆ రిమ్ము మీద అరచెయ్యి ఆనించి అలా ఉంచింది. దండాసి పొలిమేరలో వదిలిన సైకిలును మోసుకొచ్చి, దూరంగా గొలుసు కడుక్కుంటున్నాడు. ఆమె ఒళ్లో ఉన్నది ఏమిటో అతనికి తెలియదు.

మధ్యాహ్నానికి చక్రం అయింది. గోరు రాసింది, సుద్దముక్క పెట్టింది, నిలబెట్టి దాని మీద తన బరువంతా మోపి చూసింది. సైకిలుకు ఎక్కించి, పది దినాలకు పుల్లలు సర్దుకుంటాయి, తప్పకుండా తీసుకురా, మళ్లీ బిగించాలి అని చెప్పింది. దండాసి లుంగీ ముడి విప్పి డబ్బు తీశాడు. తడిసి ఆరిన నోట్లు. ఆవిడ తీసుకుంది. ఒక్క రూపాయి తగ్గించలేదు. అతను భార్యను ఎక్కించుకుని, వెళ్లొస్తానని కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు.

వాళ్లు సందు మలుపు తిరగ్గానే నేను అడిగేశాను. ఆ డబ్బు తీసుకోడానికి మనసెలా ఒప్పిందని. ఇల్లు కూలిపోయిన మనిషి, రోగిష్టి భార్య, పైగా నువ్వు మావ చక్రమే ఇచ్చేశావు, ఊరికే ఇచ్చినా సరిపోయేది కదా అని. అంతకుముందు నేనెప్పుడూ ఆవిడతో గొంతు పెంచలేదు. ఆవిడ చుట్ట వెలిగించి, తిరగేసి నోట్లో పెట్టుకుంది.

"ఊరికినే ఇచ్చీనాననుకో. పది దినాలకి పుల్లలు ఒదులవుతాయి. అప్పుడాడేటి సేత్తాడు? ఊరికినే ఇచ్చిన మనిసి కాడికి మళ్లీ ఏ మొకమెట్టుకుని ఎల్లీది అనుకుంటాడు. ఆ ఒదులు సక్రం మీదే పెళ్లాన్ని ఎక్కిత్తాడు. డబ్బులిచ్చినోడైతే దెబ్బలాటకొత్తాడు. ఆడు దెబ్బలాటకి రావాల నా కాడికి."

మరి మావ చక్రానికి వెల ఏదీ అని అడిగాను. ఆ సంగతి ఆడికి ఎప్పుడూ చెప్పకు అని మాత్రం అంది. గదిలోకి వెళ్లి, ఖాళీగా ఉన్న మేకుకు తన చీర ఆరేసుకుంది.

దండాసి నిజంగానే దెబ్బలాటకి వచ్చాడు. పది రోజులు తిరక్కుండానే సందు చివరి నుంచే అరుచుకుంటూ. అంత డబ్బు తీసుకున్నావు, అప్పుడే టిక్కు టిక్కుమంటోంది, పేదోణ్ని దోచుకున్నావు అని. వెనక జానకి కూర్చుని ఉంది, మొహం కొంచెం తేటపడింది. ఆ అరుపులు వింటున్నప్పుడు అత్త మొహం చూడాలి. మనవడు పుట్టాడని కబురందినంత సంతోషం. స్టూలు వేసి జానకిని కూర్చోబెట్టి, చక్రం ఊడదీసి, ఒక్కొక్క పుల్లా మీటి, వదులైనవి బిగించి పంపింది. దీనికి డబ్బు లేదని చెబితే, ఎందుకుంటుంది, అప్పుడే గుంజేశావు కదా అన్నాడు. ఆవిడ అవునంది.

దారులు బాగయ్యేదాకా వాళ్లు ఆ సైకిలు మీదే వచ్చారు. బస్సులు తిరగడం మొదలయ్యాక కూడా మిషను రోజున జానకి మా గుమ్మంలో కాసేపు కూర్చుని వెళ్లేది. నాకు ఒడియా పాటలు వచ్చని తెలిసి పాడించుకునేది. ఆ తరవాత నాలుగేళ్లకు పైగా బతికింది. పిల్ల పెళ్లి చూసింది. దండాసికి మా అత్త అంటే కోపం తగ్గలేదు. మంచి పనిమంతురాలే గానీ గుండె లేదని నాతోనే చాలాసార్లు అన్నాడు. అన్నప్పుడల్లా నిజం నా నాలుక చివరి దాకా వచ్చేది. అత్త విని కూడా విననట్టు ఉండేది. ఒక మనిషి తన గురించి తప్పుగా అనుకుంటుంటే దిద్దుకోకుండా, అతని పని మాత్రం సరిగ్గా చేసిపెట్టడం. అంత బలం మనిషికి ఎక్కణ్నుంచి వస్తుందో నేను ఇప్పటికీ తెలుసుకోలేకపోయాను.

ఆ తుఫాను తరవాతే నేను చక్రం కట్టడం మనస్ఫూర్తిగా నేర్చుకున్నాను. నా మొదటి చక్రం ఆవిడకు చూపించినప్పుడు ఏమందో మీరు ఊహించగలరు. విప్పాను. ఆ తరవాత కూడా చాలా విప్పాను. ఆవిడ కుడిచెయ్యి పట్టు తప్పాక, గుమ్మంలో కూర్చుని చూస్తుంటే పని నేనే చేసేదాన్ని. అప్పుడు ఒకసారి, రావివలస నుంచి వచ్చిన ఒక ముసలాయన్ని చూసి జాలేసి వెల బాగా తగ్గించి చెప్పాను. ఆయన నన్ను దీవించి వెళ్లాడు. మళ్లీ రాలేదు. కొన్ని నెలల తరవాత సంతలో అత్తా నేనూ ఆయన్ని చూశాం. వెనక చక్రం వంకర పోయి, బస్తా సైకిలు మీద పెట్టి నడిపించుకుంటూ వెళుతున్నాడు. నన్ను చూసి సిగ్గుపడి పక్క దారిలోకి తిరిగాడు. అత్త ఎడమచేత్తో నా భుజం పట్టుకుని నిలబడింది. పద, పిలిచి బాగు చేసిద్దాం అంది. సంత మధ్యలో ఆయన వెంట పరుగెత్తి సైకిలు పట్టుకున్నాను.

అత్త పోయిన ఏడాదికి, ఆషాఢంలో ఒక పూట, నేను షాపులో ఒంటరిగా ఉన్నాను. దండాసి వచ్చాడు. తల నెరిసింది, జానకి లేదు, సైకిలు మాత్రం ఉంది. అంతకు ఇరవై రోజుల ముందు పుల్లలన్నీ మార్చి ఇచ్చాను, నిండు వెల తీసుకున్నాను. సైకిలు స్టాండు వేసి, చెయ్యి ఊపుతూ మొదలుపెట్టాడు. మీ అత్త కట్టినప్పుడు ఇన్నేళ్లు నిలిచింది, నువ్వు ముట్టుకుని నెల కాలేదు, ఎలా ఊగుతోందో చూడు, అంత డబ్బు దేనికి తీసుకున్నావు అని. సందులోవాళ్లు తొంగి చూశారు. నేను చక్రం తిప్పి చూశాను. నిజమే, కొంచెం ఊగుతోంది. కూర్చో మావా అన్నాను. గోరు రాశాను, మీటాను, బిగించాను. అతను స్టూలు మీద కూర్చుని, నా చేతుల్ని చూస్తూ, గొణుగుతూనే ఉన్నాడు. అయ్యాక తనే తిప్పి చూసుకున్నాడు. బాగుందని అనలేదు.

"మళ్లీ ఒదులైతే ఊరుకోను సూడు, కోడలా," అన్నాడు.

"రా మావా," అన్నాను.

అతను వెళ్లాక చాలాసేపు నా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నా పని చూసి దీవించినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో కొందరి పేర్లు కూడా గుర్తు లేవు. ఇప్పుడు మాత్రం ఎవరైనా సందు చివరి నుంచే కోపంతో అరుచుకుంటూ నా గుమ్మం వైపు వస్తుంటే, మునుపటిలా నాకు భయం వెయ్యదు. స్టూలు జరిపి, వాళ్లు కూర్చోడానికి చోటు చేస్తాను.